కొండ మీది పాత హోటల్ బాగుచేయించడం: సిమ్లా లెక్కలు

సిమ్లాలో చౌరా మైదాన్ దగ్గర సిసిల్ హోటల్ ఉంది. 1922లో మోహన్ సింగ్ ఒబెరాయ్ నెలకు 50 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరింది అక్కడే. తర్వాత ఆ హోటల్ ఆయన చేతికే వచ్చింది. చాలా ఏళ్ళు మూసి ఉంచి, పాత కట్టడాన్ని నిలబెట్టుకుంటూ బాగుచేసి, 1997లో మళ్ళీ తెరిచారు. ఊరు దాటి మషోబ్రా వైపు వెళ్తే, సుమారు 2,500 మీటర్ల ఎత్తున వైల్డ్‌ఫ్లవర్ హాల్ కనిపిస్తుంది. ఒకప్పుడు లార్డ్ కిచెనర్ ఉన్న చోటు అది. అక్కడి పాత భవనం 1993లో కాలిపోయింది. ఇప్పుడున్నది 2001లో తెరిచిన కొత్త భవనం.

ఉన్న గోడల్ని కాపాడుకోవడం ఒక దారి, పోయినచోట కొత్తది కట్టుకోవడం ఇంకో దారి. రెండూ న్యాయమైనవే. ఎక్కువమంది పట్టేది మూడో దారి. లాబీకి ఇటాలియన్ మార్బుల్, గదికి బాత్‌టబ్, పైన షాండిలియర్ పెట్టేసి, గోడ లోపలి నెమ్మునీ, పైపునీ, పొగగొట్టాన్నీ అలాగే వదిలేస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అన్నీ బయటపడతాయి. డబ్బు ఎక్కడ పెట్టాలన్నదాని మీద మా అభిప్రాయం ఒక్కటే: ముందు కంటికి కనబడని పనులకు పెట్టాలి, మిగిలితే లాబీకి. అరకులోనో హార్స్‌లీ కొండల్లోనో పాత బంగళా తీసుకుని బాగుచేయించాలనుకునేవాళ్ళకీ ఇందులో సగం పనికొస్తుంది. గడ్డకట్టే పైపుల సంగతి మాత్రం హిమాలయాలదే.

గోడతో మొదలుపెడదాం, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది. బ్రిటిష్ కాలం నాటి కొండ కట్టడాల్లో గోడ 450 నుంచి 600 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రాయి, మధ్యలో సున్నం. సున్నపు గోడ నీళ్ళు పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. ఆ పీల్చడం, వదలడం దాని స్వభావం. దాని మీద సిమెంటు ప్లాస్టరు కొట్టి, పైన ఎమల్షన్ వేస్తే నీళ్ళు లోపలికి వెళ్ళే దారులు ఉంటాయి గానీ బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. పగుళ్ళలోంచి వాన దిగుతుంది, పునాది నుంచి తేమ పైకెక్కుతుంది, లోపల నిలిచిపోతుంది. మొదట రంగు ఉబ్బుతుంది, తర్వాత తెల్లగా ఉప్పు పొంగుతుంది, చివరికి ప్లాస్టరు పెచ్చులుగా ఊడుతుంది. చలికాలంలో ఆ నీరు గడ్డకడితే రాతి పైపొరనే లాగేస్తుంది. దానికి విరుగుడుగా వాటర్‌ప్రూఫ్ కెమికల్ పూస్తే మిగిలిన ఒకటి రెండు దారులూ మూసినట్టే.

చేయాల్సిన పని ఇది. నెమ్ము కనిపించే గీతకు పైన ఇంకో మీటరు దాకా సిమెంటు ప్లాస్టరు మొత్తం కొట్టేయాలి. సందుల్లోని సిమెంటును ఉలితో తీయాలి. గ్రైండర్ పెడితే రాతి అంచులు పోతాయి. తర్వాత గోడను ఆరనివ్వాలి. ఆరడానికి మోటుగా ఒక లెక్క ఉంది: నెలకు 25 మిల్లీమీటర్లు. 450 మిల్లీమీటర్ల గోడ రెండు వైపులా తెరిచి ఉంటే మధ్య దాకా 225, అంటే 9 నెలలు. ఏ ఓనరుకూ ఈ మాట నచ్చదు. మూడో నెలలోనే ప్లాస్టరు కొట్టించి, సీజనుకు తెరిచి, మరుసటి ఏడాది అదే గదిని మళ్ళీ మూసుకునేది ఇక్కడే. గోడ ఆరిందా లేదా అన్నది చేత్తో తాకి చెప్పలేం. డ్రిల్‌తో గోడ లోతు నుంచి పొడి తీసి, తూకం వేసి, ఆరబెట్టి మళ్ళీ తూచి చూడాలి. గోడ మీద ఆనించే మీటర్లు పైపొర సంగతే చెబుతాయి. ఉప్పు ఉంటే అది కూడా తప్పు చెబుతాయి.

కొత్త పూత సున్నంతోనే వేయాలి. బాగా నానిన సున్నపు ముద్ద ఒక పాలు, గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్ళు. ఇసుకలో మట్టి ఉంటే పూత పగులుతుంది. తొలి పూత 12 మిల్లీమీటర్లు మించకూడదు. మందంగా ఒకేసారి కొడితే లోపల గట్టిపడదు. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని. అందుకు కాస్త తడి, కాస్త గాలి, 5 డిగ్రీల పైన వేడి కావాలి. గోనెపట్టా కప్పి రోజూ తడపాలి. పైన మూడు నుంచి ఐదు పలుచటి సున్నపు వెల్లలు. మన ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన ఇళ్ళు చూసిన తాపీ మేస్త్రులకు ఇదంతా కొత్త కాదు. సిమెంటు మీదే చేయి తిరిగిన కుర్ర మేస్త్రులకు మాత్రం ఒక గోడ మీద నమూనా చేయించి చూడనిదే పని అప్పగించకూడదు.

సిమ్లా చుట్టుపక్కల ఇంకో రకం గోడ ఉంటుంది, ధజ్జీ గోడ. కలప చట్రం, అందులో ఏటవాలు కర్రలు, ఆ గళ్ళ నిండా చిన్న రాళ్ళు, మట్టి. చూడ్డానికి బలహీనంగా కనిపిస్తుంది. కానీ 2005 కశ్మీర్ భూకంపంలో పక్కనున్న మోటు రాతి గోడలు కూలినచోట కూడా ఇలాంటివి చాలా నిలబడ్డాయి. కదిలినప్పుడు ప్రతి గడిలోని రాళ్ళూ కొంచెం కొంచెం రాసుకుని ఆ శక్తిని మింగేస్తాయి. సిమ్లా వైపు కూడా 1905లో కాంగ్రా భూకంపం చూసిన ప్రాంతమే. పెద్ద కిటికీ కోసం అడ్డమొచ్చిందని ఏటవాలు కర్రను కోసేయడం, మట్టి తీసేసి గళ్ళలో సిమెంటు ఇటుక కట్టేయడం, ఈ రెండూ ఆ గోడను చంపేస్తాయి. పుచ్చిన దేవదారు ముక్కను కోసి, అదే మందం దేవదారునే అతకాలి. అతికే కర్రలో తేమ 12 నుంచి 15 శాతం లోపుండాలి. పచ్చి కర్ర పెడితే ఆరి ముడుచుకుని కీళ్ళు వదులవుతాయి.

ఇక చెక్క నేల మీద బాత్రూము. 20 మిల్లీమీటర్ల మార్బుల్ పలక చదరపు మీటరుకు 54 కిలోలు. దాని కింద 50 మిల్లీమీటర్ల సిమెంటు పరుపు వేస్తే ఇంకో 100 కిలోల పైనే. ఇళ్ళ నేలను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడకపు బరువుకు లెక్కేస్తారు. మనిషి అడుగు పెట్టకముందే అందులో మూడు వంతులు రాయి తినేసిందన్నమాట. ఆ పైన 180 లీటర్ల నీళ్ళతో టబ్. దూలాలు విరగవు, వంగుతాయి. వంగితే టైల్స్ మధ్య సందు తెరుచుకుంటుంది, నీళ్ళు దూలం చివరికి చేరతాయి, అది గోడలో దాగి ఉంటుంది కాబట్టి పుచ్చిపోవడం ఎవరి కంటా పడదు. పైగదిలో స్నానం చేస్తే కిందిగది సీలింగ్ మీద గోధుమరంగు మచ్చ వచ్చిందంటే సందు పూయించి ఊరుకోకూడదు, దూలం చివర తెరిచి చూడాలి. సిమెంటు ఫైబర్ బోర్డు, పైన వాటర్‌ప్రూఫ్ పొర, దాని మీద పలుచటి టైల్స్ వేస్తే బరువు మూడో వంతుకు దిగుతుంది. టబ్‌ను గది మధ్యలో కాక, గోడ పక్కన, దూలాలకు అడ్డంగా పెట్టాలి. బాత్రూములు ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు చూసుకుంటే పైపులు కూడా సగమవుతాయి.

వేడినీళ్ళ లెక్క చాలా హోటళ్ళు హైదరాబాదు లెక్కలో వేసుకుని దెబ్బతింటాయి. 25 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్ తీసుకోండి. మన దగ్గర నీళ్ళు 28 డిగ్రీలుంటే 60కి కాగడానికి అరగంట లోపే. జనవరిలో సిమ్లా పైపులో నీళ్ళు 8 డిగ్రీలుంటే ముప్పావుగంట. వాడకం వైపు చూస్తే ఇంకా ఇబ్బంది. నిమిషానికి 12 లీటర్లు పోసే రెయిన్ షవర్ కింద 42 డిగ్రీల నీళ్ళు కావాలంటే, 60 డిగ్రీల నీళ్ళు అందులో 65 శాతం కలవాలి. నిమిషానికి సుమారు 8 లీటర్లు. గీజర్ మూడు నిమిషాలకు ఖాళీ. షవర్ ఎంత పెద్దది పెడితే అతిథి అంత తొందరగా వణుకుతాడు. నిమిషానికి 7, 8 లీటర్ల షవర్ తల పెట్టి, వేడినీళ్ళు ఒకే చోట కాచి గదులకు పంపడం మేలు. ట్యాంకులో 60 డిగ్రీలు ఉండాలి, గదుల నుంచి ట్యాంకుకు తిరిగొచ్చే పైపులో 50కి తగ్గకూడదు. గోరువెచ్చగా నిలిచిన నీళ్ళలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, షవర్ తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కరెంటు ఆదా పేరుతో ట్యాంకును 45 దగ్గర పెట్టడం చాలా ప్రమాదం. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళు కాచే హీట్ పంప్ పెడితే 45, 50 దాకా దానితో కాచి, మిగతా పది డిగ్రీలూ బాయిలర్‌తో ఎక్కించవచ్చు. బయట చలి పెరిగేకొద్దీ హీట్ పంప్ ఇచ్చేది తగ్గుతుంది, మధ్యమధ్య మంచు కరిగించుకోవడానికి ఆగుతుంది. అందుకని దాని సైజు జనవరి అంకెలతో ఎంచుకోవాలి.

వాలు మీద కట్టిన హోటల్లో నీటి ఒత్తిడి మరో చిక్కు. ప్రతి 10 మీటర్ల దిగుడుకూ దాదాపు ఒక బార్ పెరుగుతుంది. ట్యాంకు కొండపైన, చివరి కాటేజీ 40 మీటర్ల కింద ఉంటే అక్కడ 4 బార్లు అదనం. కుళాయి వాషర్లు నెలనెలా పోతుంటాయి, అతుకులు కారుతుంటాయి. ఒక్కో వరుసకు ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టి రెండున్నర, మూడు బార్లకు దించాలి. వేడి, చల్ల రెండు లైన్లనూ ఒకే ఒత్తిడికి తేవాలి. లేకపోతే పక్కగదిలో ఫ్లష్ నొక్కిన ప్రతిసారీ ఈ గదిలో షవర్ నీళ్ళు ఒళ్ళు కాలుస్తాయి. చలికి పగిలేది ఉత్తరం గోడ మీద బయట పరిగెత్తే పైపులే. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది, పైపుకు ఆ చోటు ఉండదు. పైపును లోపలి గోడకు మార్చగలిగితే అదే ఉత్తమం. కుదరకపోతే 25 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు చుట్టి, దాని మీద అల్యూమినియం రేకు, అన్నిటికంటే కింద ఒక ఖాళీచేసే వాల్వు. ఆ వాల్వు లేక, ఖాళీగా ఉన్న గదుల పైపులే ఎక్కువగా పగులుతాయి. నీళ్ళు అసలు దొరకడం వేరే సంగతి. 2018 వేసవిలో సిమ్లా ఊరు ఊరంతా నీళ్ళకు అల్లాడింది. పైకప్పు వాన నీటిని పట్టి టాయిలెట్లకూ తోటకూ వాడే ట్యాంకు లేకుండా అక్కడ గదులు పెంచడం తప్పని మా గట్టి నమ్మకం.

గది వెచ్చదనానికి ఒక ఉదాహరణ చాలు. పై అంతస్తులో 5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గది, ఎత్తు 3.6, రెండు గోడలు బయటికి, 6 చదరపు మీటర్ల కిటికీలు. బయట సున్నా, లోపల 20. రాతి గోడల నుంచి 1,200 వాట్లు పోతాయి, ఒంటి అద్దం నుంచి దాదాపు 700, ఏ పొరా లేని సీలింగ్ నుంచి 1,000, సందుల గాలితో 450. మొత్తం 3.3 కిలోవాట్లు. సీలింగ్ పైన 100 మిల్లీమీటర్ల రాక్‌ఊల్ (వేడిని ఆపే రాతి నార పరుపు) పరిస్తే ఆ 1,000 కాస్తా 175కి పడుతుంది. డబుల్ గ్లేజింగ్‌తో, అంటే రెండు పొరల అద్దంతో, కిటికీలది సగమవుతుంది. సందులు మూస్తే మొత్తం 2 కిలోవాట్లు. గోడను ముట్టుకోకుండానే వచ్చిన లాభం ఇది. అందుకే డబ్బు తక్కువగా ఉంటే మొదట సీలింగ్, తర్వాత కిటికీ. రాక్‌ఊల్ కింద, అంటే గది వైపు, ఆవిరి ఆపే పొర తప్పకుండా ఉండాలి. పైకప్పు రేకుకూ రాక్‌ఊల్‌కూ మధ్య గాలి ఆడాలి. ఈ రెండూ మరిస్తే గదిలోని ఆవిరి పైకెళ్ళి చల్లటి రేకుకు తగిలి నీటిబొట్లయి కారుతుంది. పైకప్పు కారుతోందని రేకులు మార్పిస్తారు, మళ్ళీ కారుతుంది.

కిటికీ అద్దం చెమర్చడం కూడా అంతే. గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీలున్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. బయట సున్నా ఉన్నప్పుడు ఒంటి అద్దం లోపలివైపు 5 డిగ్రీలు, రెండు పొరల అద్దం 12 దాటుతుంది. ఉదయాన్నే కిటికీ కింద చెక్క నల్లబడి కనిపించే గదుల్లో జరిగేది ఇదే. పాత దేవదారు చట్రాలు పారేయక్కర్లేదు. లోపలివైపు రెండో కిటికీ బిగిస్తే బయటి రూపం మారదు, పని అవుతుంది.

సందులన్నీ మూశాక నిప్పుగూడు సంగతి మారిపోతుంది, దీన్ని అందరూ మరిచిపోతారు. పాత గదిలో మంటకు కావలసిన గాలి కిటికీ సందుల్లోంచే వచ్చేది. ఇప్పుడు ఆ దారి లేదు. బాత్రూము ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయగానే పొగగొట్టంలోంచి గాలి కిందికి లాగుతుంది. పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిప్పుగూడుకు బయటి నుంచి విడిగా గాలి గొట్టం, గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా మంట వెలిగించనివ్వకూడదు. గూడు నోటి వైశాల్యంలో పొగగొట్టం వైశాల్యం పదో వంతైనా ఉండాలి. గొట్టం కప్పును దాటే చోట నుంచి 90 సెంటీమీటర్లు, 3 మీటర్ల దూరం లోపు ఉన్న దేనికన్నా 60 సెంటీమీటర్లు పైకి లేవాలి. కర్రలో తేమ 20 శాతం లోపుండాలి. పచ్చి కర్ర కాలిస్తే గొట్టం లోపల తారులాంటి మడ్డి పేరుకుంటుంది, ఏదో రాత్రి అదే అంటుకుంటుంది. పాత ఇటుక గొట్టం లోపల స్టీల్ గొట్టం దించి, ఏడాదికోసారి దులపాలి.

అగ్గి భయం అక్కడ ఊహ కాదు. సిమ్లాలో 1981లో పీటర్‌హాఫ్, 1993లో వైల్డ్‌ఫ్లవర్ హాల్, 2014లో గార్టన్ కాజిల్ మంటల్లో చిక్కాయి. పైకప్పు కింది ఖాళీ గది చివరి నుంచి చివరికి ఒకే సొరంగంలా ఉంటుంది, మంట ఒక మూల పుడితే నిమిషాల్లో మొత్తం పాకుతుంది. ప్రతి కొన్ని గదులకూ ఒకచోట కప్పు దాకా అగ్గి ఆపే అడ్డుగోడ కట్టాలి. ఆ ఖాళీలో వైరింగ్ అంతా ఇనుప పైపుల్లోనే వెళ్ళాలి. రాక్‌ఊల్ కింద పూడ్చిన వైరు వేడిని వదలలేదు, కాబట్టి ఒక సైజు పెద్ద వైరు వేయాలి. పాత గదిలో 5 ఆంపియర్ల లైనుకు 2 కిలోవాట్ల హీటర్ తగిలిస్తే 9 ఆంపియర్లు లాగుతుంది. హీటర్లకు విడి లైన్లు వేయడమే దారి. చలి తగిలే ఆ పైకప్పు ఖాళీలో మంటలార్పే స్ప్రింక్లర్ పైపులో నీళ్ళు నిలిపి ఉంచకూడదు. గాలి నింపి ఉంచి, అవసరమైనప్పుడే నీళ్ళొచ్చే పద్ధతి కావాలి.

వంటగదిలో రెండు సంగతులు. సిమ్లా ఎత్తులో నీరు 93 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కుక్కర్లో కూడా 120 బదులు 116 వస్తుంది. మనవాళ్ళు అడిగే ముద్దపప్పుకు కంది పప్పు ముందే నానబెట్టి, ఇంకో రెండు కూతలు ఎక్కువ రానివ్వాలి. రెండోది గ్యాసు. వంట గ్యాసులో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా దగ్గరికొచ్చేసరికి సరిగ్గా ఆవిరవదు. సిలిండర్ నిండుగానే ఉంటుంది, పొయ్యి సన్నగా వెలుగుతుంది. కుర్రాళ్ళు సిలిండర్ మీద మరిగే నీళ్ళు పోస్తారు, ఆ అలవాటు ప్రమాదం. గ్యాసును అదుపులో వేడిచేసి ఆవిరిగా మార్చే వేపరైజర్ పెట్టించాలి. గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి సిలిండర్ల గది ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. వాలు కట్టడంలో వంటగది వెనక కింద ఇంకో అంతస్తు గదులుంటాయి. లీకైన గ్యాసు మెట్ల మీదుగా అక్కడికే దిగుతుంది.

భవనం ఎంత బాగున్నా కొండ జారితే ఏమీ మిగలదు. 2023 ఆగస్టులో సమ్మర్ హిల్ గుడి మీద విరిగిపడిన కొండ అందరికీ గుర్తుండే ఉంటుంది. వెనక కొండమట్టిని ఆపే రిటైనింగ్ గోడకు నీళ్ళు బయటికొచ్చే బొక్కలు ఒకటిన్నర, రెండు మీటర్లకొకటి ఉంటాయి. అవి మట్టితో, నాచుతో మూసుకుపోతే గోడ వెనక నీళ్ళు నిలిచి ముందుకు నెడతాయి. జూన్ రాకముందే ప్రతి బొక్కలో ఊచ దూర్చి తెరవాలి. గోడ పై అంచున మట్టిలో చంద్రవంక పగులు కనబడితే అక్కడికి ఇంజినీరు రావాల్సిందే. కప్పు నుంచి దిగే వాననీటిని వాలు మీదకు వదిలేయకుండా పైపులో కిందికి, గట్టి చోటికి తీసుకెళ్ళాలి.

పనికి కాలం తక్కువ. మార్చి నుంచి జూన్ మధ్య దాకా, మళ్ళీ సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా. ఈ రెండూ పర్యాటకుల సీజనుతో ఢీకొంటాయి, కాబట్టి హోటల్లో ఒక పక్క భాగం, అంటే ఒక రెక్క, మూసి ఇంకో పక్క నడపాలనిపిస్తుంది. నడపవచ్చు, కానీ నీళ్ళ లైన్లు, కరెంటు లైన్లు రెండు రెక్కలకూ ముందే విడదీయాలి. పని అయ్యాక బుకింగ్‌లు తీసుకునేముందు, జనవరిలో ఒక రోజు ఉదయం 7 గంటలకు అన్ని గదుల షవర్లూ, అన్ని హీటర్లూ ఒకేసారి పెట్టి అరగంట వదిలేయాలి. చివరి కాటేజీ షవర్ దగ్గర థర్మామీటరు పట్టుకుని ఒకరు, మెయిన్ ప్యానెల్ దగ్గర ఆంపియర్లు రాసుకుంటూ ఇంకొకరు. 40 డిగ్రీలకు తగ్గినా, ఏ బ్రేకర్ పడినా, ఆ రెక్క అమ్మకానికి ఇంకా సిద్ధంగా లేనట్టే.